ఉసిరి-పసుపు క్యాప్సూల్‌లో 40 మి.గ్రా. విటమిన్ సి ఎక్కడిది? ఒక కేస్ స్టడీ

హన్మకొండ శివారులోని ఒక చిన్న యూనిట్ తయారుచేసే 'యాంటీఆక్సిడెంట్' క్యాప్సూల్ కథ ఇది. సైజు 0 జెలటిన్ క్యాప్సూల్. లోపల 500 మి.గ్రా. మిశ్రమం: ఉసిరి పొడి 350, పసుపు 130, మిరియాల పొడి 20. రోజుకు రెండు, సీసాకు 60. లేబుల్ మీద పెద్దక్షరాల్లో మూడు మాటలు: ఒక్కో క్యాప్సూల్‌లో విటమిన్ సి 40 మి.గ్రా., అంటే రోజువారీ అవసరంలో 100%, కర్క్యుమిన్ 95%, 'అత్యధిక యాంటీఆక్సిడెంట్ శక్తి'.

సరుకు తీసుకునే డిస్ట్రిబ్యూటర్ ఒకరు సొంత ఖర్చుతో ఒక సీసాను వేరే ల్యాబ్‌కు పంపారు. విటమిన్ సి లేబుల్‌లో ఉన్నదానిలో పదో వంతు కూడా లేదని రిపోర్టు వచ్చింది. యూనిట్ దగ్గర అంతకుముందు చేయించిన రిపోర్టులు రెండున్నాయి. ఒకదాంట్లో అంకె సరిగ్గా లేబుల్‌కు సరిపోయింది, ఇంకోదాంట్లో నాలుగో వంతు మాత్రమే ఉంది. మూడు ల్యాబ్‌లు, మూడు అంకెలు. ఏ ల్యాబ్ అబద్ధం చెప్తోందన్నదే యజమాని మమ్మల్ని అడిగిన ప్రశ్న. చూస్తే మూడూ అబద్ధం చెప్పలేదు.

కాగితం మీద లెక్క

ఇలాంటి కేసుల్లో మళ్లీ ల్యాబ్‌కు పరుగెత్తకముందు చేయాల్సిన పని కాలిక్యులేటర్ తీయడం. పచ్చి కాయలో ఎంత ఉంటే పొడిలో గరిష్ఠంగా ఎంత ఉండగలదో తేల్చాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన ఆహార పట్టికలో ఉసిరికి విటమిన్ సి 100 గ్రాములకు దాదాపు 252 మి.గ్రా. అంతకుముందు దశాబ్దాల పాటు అందరూ చెప్పుకున్న అంకె 600. పాత పట్టికలోని ఆ అంకె ఇప్పటికీ సగం ప్యాకెట్ల మీద, ముప్పావు వీడియోల్లో తిరుగుతూనే ఉంది. ఉసిరి కండలో నీరు 85% పైమాటే. అంటే 100 గ్రాముల కండ ఆరితే, 6% తేమతో దాదాపు 15 గ్రాముల పొడి వస్తుంది. ఆరబెట్టడంలో ఒక్క మి.గ్రా. కూడా పోలేదనుకుందాం (అది జరగని పని): 252ను 15తో భాగిస్తే గ్రాముకు 16.8 మి.గ్రా. మన క్యాప్సూల్‌లో 350 మి.గ్రా. పొడి ఉంది కాబట్టి 5.9 మి.గ్రా. పాత 600 అంకెనే నమ్మి, నీరు కాస్త తక్కువని లెక్కేసినా 11 మి.గ్రా. దాటదు. 40 రావాలంటే పొడి బరువులో 11 శాతానికి పైగా విటమిన్ సి ఉండాలి. మామూలు ఉసిరి పొడిలో అది ఉండదు.

పసుపుది ఇంకా చిన్న లెక్క. నిజామాబాద్, జగిత్యాల వైపు మామూలు పసుపులో కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని తోబుట్టువులు; పసుపుకు రంగునిచ్చేవి ఇవే) రెండు నుంచి మూడున్నర శాతం దాకా ఉంటాయి. ఐఐఎస్‌ఆర్ ప్రగతి లాంటి రకాల్లో ఐదు దగ్గరకు వస్తాయి. 130 మి.గ్రా. పొడిలో 3% చొప్పున 3.9 మి.గ్రా. 95% అనేది ద్రావకంతో తీసిన ఎక్స్‌ట్రాక్ట్ స్వచ్ఛత. దాన్ని పసుపు పొడి క్యాప్సూల్ మీద అచ్చు వేయడమంటే పాలడబ్బా మీద వెన్న శాతం రాసినట్టే. మిరియం 20 మి.గ్రా.లో పైపరిన్ (మిరియానికి ఘాటునిచ్చే పదార్థం) ఒక మి.గ్రా. అటూఇటూ. దాంతో కర్క్యుమిన్ శోషణ బాగా పెరిగిందని అందరూ ఎత్తిచూపే మానవ పరీక్షలో ఇచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్, 20 మి.గ్రా. శుద్ధ పైపరిన్. ఇక్కడి మిరియం ఘాటుకే తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

'100%' అన్నదీ పాతదే. పెద్దలకు రోజుకు 40 మి.గ్రా. విటమిన్ సి చాలన్నది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2010 లెక్క. 2020లో దాన్ని పురుషులకు 80, స్త్రీలకు 65 చేశారు.

మూడు అంకెల గుట్టు

మొదటి రిపోర్టు, లేబుల్‌కు సరిపోయినది, క్యాప్సూల్‌ది కానే కాదు. ఉత్పత్తి మొదలుపెట్టక ముందు పొడి వ్యాపారి ఇచ్చిన శాంపిల్‌కు చేయించినది. అందులో విటమిన్ సి 11.6%. దాన్ని 350తో గుణించి లేబుల్ మీద 40 అని వేశారు. తర్వాత లాట్లకు కొన్నది అదే వ్యాపారి దగ్గర, తక్కువ ధరకు. ఇన్వాయిస్ మీద రెండింటికీ పేరు 'ఉసిరి పొడి' అనే.

అదృష్టవశాత్తూ పాత శాంపిల్ ఒక చిన్న డబ్బా మిగిలింది. పక్కపక్కన రెండు గాజు గ్లాసుల్లో 200 మి.లీ. నీళ్లు పోసి, ఒక్కో చెంచా పొడి వేసి కలిపి పది నిమిషాలు వదిలేస్తే తేడా కళ్లకే కనపడింది. ఉత్పత్తిలో వాడిన పొడి గ్లాసు అడుగున గోధుమరంగు పీచు మడ్డిగా దిగింది. పైన నీరు లేత పసుపు, నాలుకకు గట్టి వగరు. శాంపిల్ పొడి మాత్రం పూర్తిగా కరిగిపోయింది. అడుగున ఏమీ లేదు. రుచి పుల్లగా ఉంది, వగరు లేదు. వగరు టానిన్లది. ఉసిరిలో పులుపు పోయినా వగరు అంత తేలిగ్గా పోదు. కాబట్టి శాంపిల్ అసలు కాయ పొడి కాదు, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే, నీళ్లలో కరిగే పొడి) మీద స్ప్రే డ్రై చేసిన రసం. హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి, ఒక్కోదాన్ని గ్రాఫులో శిఖరంగా చూపే యంత్రం) దాని ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి, శిఖరం ఆకాశాన్ని తాకుతుంటే, ఉసిరి టానిన్లకు గుర్తులైన గ్యాలిక్, ఎల్లాజిక్ యాసిడ్ శిఖరాలు నేలను పట్టుకున్నాయి. విటమిన్ సి బయటినుంచి కలిపారనడానికి ఈ పొంతన లేని నిష్పత్తే ఆధారం. కోర్టు దాకా వెళ్లే వ్యవహారమైతే కార్బన్ ఐసోటోప్ నిష్పత్తి చూపించవచ్చు. గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరును బట్టి మొక్కల్లో సీ3, సీ4 రకాలుంటాయి, వాటిలో ఈ నిష్పత్తి వేరు. ఉసిరి చెట్టు సీ3 మొక్క. ఫ్యాక్టరీ ఆస్కార్బిక్ యాసిడ్ ఎక్కువగా మక్క గ్లూకోజు నుంచి వస్తుంది, మక్క సీ4. ఇక్కడ అంత ఖర్చు అక్కర్లేకపోయింది.

రెండో రిపోర్టు, 9.4 మి.గ్రా., క్యాప్సూల్‌దే. కానీ ఇండోఫినాల్ రంగుతో టైట్రేషన్ (విటమిన్ సి ఆ రంగును ఎంత తెల్లబరుస్తుందో చుక్కచుక్కగా కొలిచే పద్ధతి) చేసినది. నిమ్మరసానికి ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఉసిరికి, అందులోనూ పసుపు కలిసిన ఉసిరికి, పనికిరాదు. టానిన్లూ ఆ రంగును తెల్లబరుస్తాయి. పైగా పసుపు రంగు ద్రావణంలో 15 సెకన్లు నిలవాల్సిన గులాబీ చాయను కంటితో పట్టుకోవాలి. కాగితం మీద లెక్కలో గరిష్ఠం 5.9 అయినప్పుడు ల్యాబ్ 9.4 చెప్పిందంటే ఆ పద్ధతి వేరే దేన్నో కూడా కలిపి లెక్కపెడుతోంది.

మూడోది హెచ్‌పీఎల్‌సీ: 2.3 మి.గ్రా. దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. శాంపిల్‌ను మామూలు నీళ్లలో నానబెట్టి మధ్యాహ్నం దాకా బల్ల మీద వదిలేస్తే విటమిన్ సి గాజు ఫ్లాస్కులోనే పోతుంది. 3% మెటాఫాస్ఫారిక్ యాసిడ్‌లో తీయాలి, ముదురు రంగు గాజు వాడాలి, అదే పూట మెషీన్‌లో పెట్టాలి. ఇంకొకటి: ఆక్సీకరణ చెందిన రూపం, డీహైడ్రోఆస్కార్బిక్ యాసిడ్, ఒంట్లో విటమిన్‌గా పనిచేస్తుంది కానీ మెషీన్ చూసే 245 నానోమీటర్ల కాంతిలో దాదాపు కనపడదు. డైథయోత్రైటాల్‌తో క్షయకరణ చేసి, అంటే దాన్ని మళ్లీ మామూలు విటమిన్ సి రూపానికి తెచ్చి, చూస్తే మొత్తం 2.9 మి.గ్రా. వచ్చింది. ఇది 5.9కి సగం. ఆరబెట్టిన ఉసిరికి నమ్మదగిన అంకె ఇదే.

'యాంటీఆక్సిడెంట్ శక్తి' అనే కొలత

డీపీపీహెచ్ పరీక్ష రిపోర్టు ఒకటి యజమాని గర్వంగా చూపించారు. ఊదారంగు ద్రావణం ఎంత తెల్లబడిందో 517 నానోమీటర్ల దగ్గర కొలిచే పరీక్ష ఇది. చౌక, తొందరగా అవుతుంది, ఉసిరికి ఎప్పుడూ గొప్ప మార్కులే వేస్తుంది. దాంతో తేలేది టెస్ట్‌ట్యూబులో ఈ పొడి ఆ రంగును తెల్లబరిచిందని. అంతే. ఫోలిన్ రియేజెంట్‌తో చేసే మొత్తం ఫినాలిక్‌ల పరీక్షా ఇదే బాపతు. విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా అందులో ఫినాల్ వేషం వేస్తాయి. అమెరికా వ్యవసాయశాఖ ఆహార పదార్థాల ఓరాక్ (ఇలాంటిదే ఇంకో యాంటీఆక్సిడెంట్ పరీక్ష) అంకెల పట్టికను 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఒంట్లో జరిగేదానికీ ఆ అంకెలకూ సంబంధం లేదని, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయని కారణం చెప్పింది.

ఈ కేసులో మరీ తేటగా కనపడింది ఏమిటంటే, ఎండాకాలమంతా రేకుల గోదాంలో ఉండి గోధుమరంగు తిరిగిన పాత లాట్‌లో విటమిన్ సి చాలావరకు పోయినా, డీపీపీహెచ్ అంకె దాదాపు కదల్లేదు. టానిన్లు అలాగే ఉన్నాయి మరి. పాడైన సరుకునూ మంచి సరుకునూ ఒకేలా చూపించే పరీక్షను నాణ్యతకు కొలబద్దగా పెట్టుకోవద్దు. యూనిట్ స్పెసిఫికేషన్‌లోంచి దాన్ని తీసేయించి, దాని స్థానంలో ఉసిరికి గ్యాలిక్ యాసిడ్, మొత్తం టానిన్లు, పసుపుకు హెచ్‌పీఎల్‌సీ కర్క్యుమినాయిడ్లు పెట్టించాం.

పసుపు సంచిలో ఏముంది

కర్క్యుమినాయిడ్లు 2.1% వచ్చాయి. కర్క్యుమిన్, డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ మూడు శిఖరాలూ సహజమైన పాళ్లలోనే ఉన్నాయి. కాబట్టి కృత్రిమ కర్క్యుమిన్ కలపలేదు. కృత్రిమమైతే మొదటిది ఒక్కటే నిలబడి మిగతా రెండూ ఉండీ లేనట్టుంటాయి. సరుకే నాసిరకం. కాడి (పసుపు కొమ్ము) ధర పెట్టి కొన్నామనుకున్నదాంట్లో చూర (విరిగిన తునకల సరుకు) పాలు ఎక్కువగా ఉంది.

సూక్ష్మదర్శిని కింద ఇంకో సంగతి బయటపడింది. పసుపును ఉడకబెట్టి ఆరబెడతారు కాబట్టి దాని పిండిపదార్థం ఉబ్బి, పసుపురంగు ముద్దలుగా కనపడాలి. ఒక సంచి పొడిలో ఆ ముద్దల మధ్య చిన్న చిన్న కోణాల తెల్లటి రేణువులు విడివిడిగా కనిపించాయి. పోలరైజ్డ్ వెలుగులో ఒక్కోదాని మీద నల్లటి గుణకారపు గుర్తు. ఉడకని పిండి అది, బియ్యప్పిండి పోలిక. వ్యాపారి కలిపాడా, గిర్నిలో అంతకుముందు పట్టిన పిండి మిగిలిందా అన్నది తేలలేదు. రెండింటికీ విరుగుడు ఒకటే: పొడి కొనకుండా కాడి కొని, యూనిట్‌లోనే పట్టుకోవాలి. కాడిని విరిస్తే లోపలి రంగు, వాసన, పురుగు అన్నీ కనపడతాయి. పొడిలో ఏమీ కనపడదు.

మెటానిల్ ఎల్లో (పసుపులో కల్తీ చేసే కృత్రిమ రంగు) పరీక్ష సంచి సంచికీ చేయాలి. పొడిని కాస్త నీళ్లలో కలిపి గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేస్తే గులాబీరంగు వస్తుంది. అసలు పసుపుకూ రావచ్చు. నీళ్లు పోసి పలచన చేసినా ఆ గులాబీ నిలిస్తే మెటానిల్ ఎల్లో కలిసినట్టు. సీసం మాత్రం ఇంట్లో తేలదు, ల్యాబ్‌కే పంపాలి. మరీ మెరిసే కాడిని చూసి మురిసిపోవద్దు, మెరుపు కోసం లెడ్ క్రోమేట్ వాడే వాళ్లున్నారు.

కరగని క్యాప్సూల్

డిస్ట్రిబ్యూటర్ ఫిర్యాదులో ఒక వాక్యం ఉంది: పాత సీసాల్లోని క్యాప్సూళ్లు 'నీళ్లలో రబ్బరులా సాగుతున్నాయి'. విటమిన్ సి గొడవలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి వాడేవాళ్లకు ఇదే పెద్ద విషయం. డిసింటిగ్రేషన్ యంత్రంలో 37 డిగ్రీల నీటిలో కొత్త లాట్ క్యాప్సూళ్లు 8 నిమిషాల్లో విచ్చుకున్నాయి. యూనిట్‌లోనే దాచి ఉంచిన ఆరు నెలల పాత రిటెన్షన్ శాంపిల్లో ఆరింటికి నాలుగు 30 నిమిషాల పరిమితి దాటినా విడిపోలేదు. పట్టకారుతో ఒకదాన్ని తీసి చూస్తే, పై పొర కరిగిపోయి లోపల పలచటి గోధుమరంగు తిత్తి మిగిలింది. దాని లోపల పొడి పొడిగానే ఉంది.

కారణం తోలు ఊనే కిటుకే. టానిన్లు ప్రోటీన్‌ను పట్టుకుని కరగని పొర చేస్తాయి, జెలటిన్ ప్రోటీనే. తేమ ఉంటే ఈ పని తొందరగా జరుగుతుంది. జెలటిన్ తొడుగులోనే 13 నుంచి 16% తేమ ఉంటుంది, ఉసిరి పొడి దాన్ని పీల్చుకుంటుంది. తొడుగు పెళుసై పగలడం, పొడి గడ్డకట్టడం, లోపలి గోడకు తిత్తి కట్టడం, మూడూ ఒకే కథ. టానిన్ ఎక్కువున్న మూలికలకు హెచ్‌పీఎంసీ (మొక్కల సెల్యులోజుతో చేసే) తొడుగు వాడాలి. అందులో ప్రోటీన్ లేదు, తేమా 7% లోపే. తొడుగు ఖరీదు ఎక్కువని యజమాని వెనకాడారు. తిరిగొచ్చిన సీసాల లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు.

తయారీలో మార్చినవి

ఉసిరిని కూడా కాయగానే కొనాలని నిర్ణయం. ములుగు, భూపాలపల్లి అడవుల నుంచి వచ్చే చిన్నకాయ వగరెక్కువ, కండ తక్కువ. తోటల ఎన్‌ఏ-7 కాయ పెద్దది, గింజ తీయడం తేలిక. ఏదైనా సరే, ఒక లాట్‌లో ఒకే రకం. 100 కిలోల కాయకు గింజ, తాలు పోగా 12, 13 కిలోల పొడి వస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే బజారు మోసం సగం పట్టుకోవచ్చు: ఎవరైనా కిలో ఉసిరి పొడిని ఎనిమిది కిలోల పచ్చికాయ ధర కన్నా తక్కువకు ఇస్తానంటే అందులో ఉసిరి కానిది ఉన్నట్టే.

తురిమే బ్లేడు, ట్రే, జల్లెడ అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. ఇనుము తగిలితే టానిన్లతో నల్లబడుతుంది, ఇనుము, రాగి రెండూ విటమిన్ సి పోవడాన్ని తొందరపెడతాయి. తురిమే ముందు కాయకు మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టించాలి. వేడినీళ్లలో ముంచితే విటమిన్‌ను పాడుచేసే ఎంజైములు చస్తాయి కానీ విటమిన్ కొంత ఆ నీళ్లతోనే పారబోసినట్టవుతుంది. తర్వాత ట్రే డ్రయ్యర్‌లో 50 నుంచి 55 డిగ్రీలు, పలచగా, చదరపు మీటరుకు నాలుగైదు కిలోల తురుము. ఎనిమిది, పది గంటల్లో అవుతుంది. గుప్పెడు తురుము తీసి విరిస్తే ఫట్‌మని విరగాలి. వంగితే మళ్లీ లోపలికే. నల్ల పాలిథిన్ మీద కల్లంలో మూడు రోజులు ఎండబెట్టే పద్ధతిలో విటమిన్ సి సగానికి పైగా పోవడం మామూలే, దుమ్ము, బూజు అదనం.

పట్టేటప్పుడు జరిగే నష్టం ఎవరి దృష్టికీ రాదు. పల్వరైజర్ ఆగకుండా నడిస్తే పొడి చేతికి కాలేంత వేడెక్కుతుంది. సంచిలో థర్మామీటర్ గుచ్చి 45 దాటితే ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. వేడి పొడిని వెంటనే సంచి కడితే చల్లారేటప్పుడు లోపల చెమటపట్టి గడ్డలు కడుతుంది. పలచగా పరిచి, చల్లారాక, 60 మెష్ జల్లెడ పట్టి, రెండు పాలిథిన్ సంచుల్లో కట్టాలి. తేమ 6% లోపు.

మిరియం 500లో 20 పాళ్లే కాబట్టి మొత్తం ఒకేసారి పోసి తిప్పితే సమంగా కలవదు. మిరియాన్ని ముందు దానికి సమానమైన పసుపుతో, తర్వాత మిగిలిన పసుపుతో, ఆ తర్వాతే ఉసిరితో విడతలుగా కలపాలి. నింపే గదిలో తేమ 45% లోపు లేకపోతే ఉసిరి పొడి పంచ్‌లకు అంటుకుని బరువు తగ్గుతుంది. 20 క్యాప్సూళ్లు తూచి, సగటుకు 7.5% లోపు తేడా ఉందో లేదో గంటగంటకూ చూడాలి.

లేబుల్, దాని చుట్టూ జరిగిన వాదన

యజమాని మొదటి ఆలోచన ఆస్కార్బిక్ యాసిడ్ కలిపేసి 40 చేసేద్దామని. చేయవచ్చు, దాచకుండా. పదార్థాల జాబితాలో ఆస్కార్బిక్ యాసిడ్ అని రాసి, 'ఉసిరి నుంచి సహజ విటమిన్ సి' అన్న మాట తీసేస్తే అభ్యంతరం లేదు. ఆ మాట తీయడమే ఆయనకు ఇష్టం లేకపోయింది.

రెండో ఆలోచన పసుపు పొడి బదులు 95% ఎక్స్‌ట్రాక్ట్, దానికి 5 మి.గ్రా. పైపరిన్. అది ఇదే ఉత్పత్తికి మెరుగులు దిద్దడం కాదు, వేరే ఉత్పత్తి. రంగుగా వాడే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 3 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 180. 130 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న క్యాప్సూళ్లు రెండు మింగితే 247. ఇలాంటి గాఢమైన ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు 2019లో ఇటలీలో వచ్చాయి. 2023లో ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. పైపరిన్ కొన్ని మందుల విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? కూరలో వేసే పసుపుకు ఈ భయాలేవీ అక్కర్లేదు.

చివరికి లేబుల్ ఇలా కుదిరింది: ఉసిరి పండ్ల పొడి 350 మి.గ్రా., పసుపు పొడి 130 (కర్క్యుమినాయిడ్లు 3 మి.గ్రా.కు తగ్గకుండా), మిరియాల పొడి 20. విటమిన్ సి అంకె, శాతం, 'శక్తి' మూడూ పోయాయి. మందుగా వాడకూడదన్న మాట, రోజువారీ మోతాదు, పిల్లలకు అందకుండా ఉంచాలన్న సూచన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఉండాల్సినవే కాబట్టి ఉన్నాయి. 3 మి.గ్రా. రావాలంటే కాడిలో కనీసం 2.3% ఉండాలి. నిల్వలో తగ్గేదాన్ని కలుపుకుని కొనుగోలు పరిమితి 2.8% పెట్టాం.

ఆయుర్వేద ఫార్మకోపియాలో ఉసిరి చూర్ణం మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. ఇక్కడ రెండు క్యాప్సూళ్లకు కలిపి 0.7 గ్రాము. ఉసిరి పొడిని క్యాప్సూల్‌లో అమ్మడం కన్నా చెంచాతో సహా డబ్బాలో అమ్మడం మేలన్నది మా అభిప్రాయం. 3 గ్రాముల పొడిలో, సగం పోయినా, 25 మి.గ్రా. దాకా విటమిన్ సి మిగులుతుంది. కార్తీకంలో వనభోజనాలకు వెళ్లి 30 గ్రాముల కండ ఉన్న ఒక్క పచ్చికాయ తిన్నవాడికి 75 మి.గ్రా. అందుతుంది. ఈ మాట యజమానికి చెప్పాం. డబ్బా ప్యాకింగ్ వచ్చే సీజన్‌కు ఆలోచిస్తానన్నారు.

కొత్త లాట్‌ను 40 డిగ్రీలు, 75% తేమలో ఆరు నెలల పరీక్షకు పెట్టారు. మూడో నెల శాంపిల్ 11 నిమిషాల్లో విడిపోయింది, కర్క్యుమినాయిడ్లు 3.4 మి.గ్రా. ఉన్నాయి, రంగు ఒక చాయ ముదిరింది. ఆరో నెల ఫలితం వచ్చేదాకా గడువు 24 నెలల నుంచి 12 నెలలకు తగ్గించారు. సీసాను 60 నుంచి 30 క్యాప్సూళ్లకు కుదించారు. వానాకాలంలో మూత తీసి పెట్టిన సీసా నెల రోజులు వాడితే, ఒక గ్రాము సిలికా జెల్ పొట్లం చివరి వారానికి పనిచేయడం మానేస్తోంది.